వింటికి ఏ కర్ర?

పానగల్లు కోట ముందు ఫిరోజ్ షా బహమనీ సైన్యం రెండేళ్లు పడిగాపులు పడింది. 1417 ప్రాంతంలో మొదలైన ముట్టడి అది. కోట చిక్కలేదు. విడిదిలో రోగం పుట్టి మనుషులూ గుర్రాలూ గుంపులుగా పోయారు. ఆ అదను చూసి విజయనగరం నుంచి మొదటి దేవరాయలు వచ్చి పడ్డాడు. సుల్తాను ప్రాణాలతో బయటపడడమే గగనమైంది. పదిహేడో శతాబ్ది మొదట్లో బిజాపూరు కొలువులో ఉండి ఫెరిష్తా రాసిన చరిత్రలో ఈ కథంతా ఉంది.

మనకు పానగల్లులు రెండు. నల్గొండ పట్టణాన్ని ఆనుకుని ఉన్నది ఒకటి. కుందూరు చోడులు ఏలిన ఊరు, ఉదయసముద్రం చెరువు, ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం ఉన్న ఊరు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, ఇప్పటి వనపర్తి జిల్లాలో, కొండకోట ఉన్న పానగల్ రెండోది. ఫెరిష్తా చెప్పిన ముట్టడి ఏ పానగల్లుదన్న దాని మీద చరిత్రకారులు రెండు పక్షాలయ్యారు. కొండకోటను, కృష్ణ దాటే దారులను చూస్తే నాకు రెండోదే సబబనిపిస్తుంది. ఈ వ్యాసానికి మాత్రం రెండు ఊళ్లూ కావాలి. రెండింటికీ వెనక దన్ను ఒకే అడవి. కృష్ణ ఒడ్డున అమ్రాబాద్ గుట్టల నుంచి దక్షిణాన కడప దాకా సాగే నల్లమల.

పానగల్లులో గెలిచిన విజయనగరం ఆ తర్వాత బహమనీల చేతిలో వరసగా దెబ్బలు తింది. మొదటి దేవరాయలి మనవడు రెండో దేవరాయలు కొలువులోని పెద్దలను పిలిచి అడిగాడట: మనకు దేశం పెద్దది, జనం ఎక్కువ, ధనం ఎక్కువ, మరి మనమెందుకు ఓడుతున్నాం? వాళ్ల గుర్రాలు మేలైనవి, వాళ్ల విలుకాళ్లు మేలైనవాళ్లు అని జవాబు వచ్చింది. రాయలు ముస్లిం విలుకాళ్లను కొలువులో చేర్చుకున్నాడు, జాగీర్లిచ్చాడు, రాజధానిలో మసీదు కట్టించాడు. తన సింహాసనం ముందు ఖురాను పెట్టించి, వాళ్లు దానికి సలాం చేసే ఏర్పాటు చేశాడు. వాళ్ల చేత తన సైనికులకు విలువిద్య నేర్పించాడు. చివరికి రెండు వేల మంది ముస్లింలు, అరవై వేల మంది హిందువులు విలువిద్యలో ఆరితేరినవాళ్లు తయారయ్యారని ఫెరిష్తా లెక్క.

అరవై వేలన్నది కొంత పెంచి చెప్పిన లెక్కే అనుకుందాం. సగం వేసుకున్నా ముప్పై వేల విల్లులు కావాలి. విల్లు విరుగుతుంది, వంగిపోతుంది, పురుగు పడుతుంది. కాబట్టి దానికి రెండింతలు కావాలి. అంత కర్ర ఎక్కడిది? ఏ చెట్టుది? ఏ నెలలో కొట్టారు, ఎన్నాళ్లు ఆరబెట్టారు? రాజుల చరిత్రలు విలుకాళ్లను లెక్కపెడతాయి గాని వాళ్ల చేతిలోని కర్ర ఊసెత్తవు. పచ్చల సోమేశ్వరాలయంలో రామాయణ, భారత ఘట్టాలు చెక్కిన శిల్పులైనా అంతే. రాతిలో వింటి వంపు చూపించవచ్చు, చెట్టు పేరు చూపించలేం.

ఆ చెట్టు పేరు తెలిసినవాళ్లు వేరే ఉన్నారు. కోటల్లో కాదు, నల్లమల పెంటల్లో, అంటే చెంచుల గూడేల్లో.

కొమ్ము విల్లు, కర్ర విల్లు

బహమనీ రౌతు పట్టింది పొట్టి విల్లు. గుర్రం మీద నుంచి అటూ ఇటూ తిప్పాలంటే నిలువెత్తు విల్లు పనికిరాదు. పొట్టి కర్రను అంతగా లాగితే విరుగుతుంది. అందుకని నడుమ సన్నటి కర్ర పెట్టి, విలుకాడి వైపున కొమ్ము బద్ద, ఎదుటి వైపున జంతువు నరాల పీచు, అన్నిటినీ సరేసుతో అతికించి చేసేవారు. తుర్కీ, ఇరాన్ దేశాల నుంచి వచ్చిన విద్య ఇది. ఒక్కో పొర నిదానంగా ఆరాలి. మంచి విల్లు పూర్తయ్యేసరికి నెలలు, కొన్నిసార్లు ఏడాది పట్టేది. దాని శత్రువు వాన. ముసురు పట్టినప్పుడు సరేసు చెమ్మ పీల్చి బిగువు సడలుతుంది. అది డబ్బున్నవాడి ఆయుధం, ఎండ దేశపు ఆయుధం.

మన కాలిబంటు పట్టింది వేరు. అలెగ్జాండర్ వెంట వచ్చిన నియార్కస్ రాతల ఆధారంగా గ్రీకు చరిత్రకారుడు అరియన్ దాన్ని వర్ణించాడు. భారతీయుడి విల్లు మనిషంత పొడవు. కొసను నేలకు ఆనించి, ఎడమ కాలితో అదిమి, నారిని వెనక్కి బాగా లాగి వదులుతారు. బాణం మూడు మూరలకు కాస్త తక్కువ. దాని ముందు డాలు ఆగదు, కవచం ఆగదు అన్నాడు. అంతకు ముందే, క్రీస్తుపూర్వం 480లో జెర్క్సిస్ సైన్యంతో గ్రీసు మీదికి పోయిన భారతీయులు నూలు బట్టలు కట్టి, రెల్లు జాతి గడలతో చేసిన విల్లులు, ఇనుప ములుకుల బాణాలు పట్టారని హెరొడోటస్ రాశాడు. ఆ గడ వెదురేనని పండితుల్లో చాలామంది మాట.

కౌటిల్యుడు ఇంకా తేటగా చెప్పాడు. అర్థశాస్త్రంలో ఆయుధాగారపు అధ్యాయంలో విల్లులకు నాలుగు సరుకులు చెప్పాడు: తాడి, చాపమనే వెదురు జాతి, కర్ర, కొమ్ము. ఈ వరసలో మొదటిది తాడి అని గమనించండి. నల్గొండ జిల్లాలో ఏ గట్టు మీద నిలబడినా కనిపించే చెట్టు అది. దాని సంగతికి మళ్లీ వస్తాను.

కర్ర లోపల ఏం జరుగుతుంది

విల్లు వంగినప్పుడు ఎదుటి వైపు ముఖం సాగుతుంది, విలుకాడి వైపు ముఖం నలుగుతుంది. నడుమ ఉన్న భాగానికి పెద్దగా పనిలేదు. ఒకే కర్రలో ఒక పక్క లాగుడుకు, ఇంకో పక్క నొక్కుడుకు తట్టుకునే గుణం ఉండాలి. మామూలు కర్ర లాగుడుకు ఓర్చుకున్నంతగా నొక్కుడుకు ఓర్చుకోదు. అందుకే నాసి కర్రతో చేసిన విల్లు విరగకపోయినా, కొన్నాళ్లకు నారి విప్పినా వంకరగానే ఉండిపోతుంది. అలా వంపు పట్టిన విల్లు బాణాన్ని దూరం పంపదు.

యూరప్ వాళ్లకు ఈ రెండు గుణాలూ యూ చెట్టులో దొరికాయి. బయటి తెల్ల చెక్క సాగుతుంది, లోపలి చేవ నలుగుడుకు ఆగుతుంది. రెండూ కలిసేలా ఒకే బద్ద చీల్చి విల్లు చేశారు. ఆల్ప్స్ మంచులో 1991లో బయటపడ్డ అయిదు వేల మూడొందల ఏళ్ల నాటి మనిషి పక్కన దొరికింది యూ విల్లే. 1.82 మీటర్ల పొడవు, ఇంకా చెక్కడం పూర్తికానిది. 1545లో మునిగి 1982లో పైకి తీసిన ఇంగ్లండ్ యుద్ధనౌక మేరీ రోజ్‌లో నూట ముప్పైకి పైగా నిండు విల్లులు చెక్కుచెదరకుండా దొరికాయి. అవీ యూ కర్రవే. అయితే ఆ చెట్టు ఎదగడం చాలా నిదానం. ఇంగ్లండ్‌లో మంచి కర్ర కరువై, తమ రేవుకు వచ్చే ప్రతి ఓడా టన్ను సరుకుకు నాలుగు వింటి కర్రలు తేవాలని 1472లో చట్టం చేశారు. ఒక రాజ్యం చెట్టు కోసం అంగలార్చిన కాలమది.

నల్లమలకు ఆ కరువు రాలేదు. ఇక్కడి వింటి కర్ర గడ్డి జాతిది. కొడితే మళ్లీ మొలుస్తుంది.

బొంగు ఎంపిక

వెదురు ఒక్క వానాకాలంలోనే తన పూర్తి ఎత్తు ఎదిగిపోతుంది. ఆ తర్వాత లావెక్కదు. మొలక నేలలోంచి ఎంత లావుతో వచ్చిందో చివరిదాకా అంతే లావు. ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది, అంతే. కాబట్టి లావు చూసి ముదురని మోసపోకూడదు. మొదటి ఏడాది బొంగు మీద తెల్లటి బూడిద లాంటి పొడి, కణుపుల దగ్గర పొరలు అంటుకుని ఉంటాయి. రంగు నిగనిగలాడే పచ్చ. మూడో ఏడు వచ్చేసరికి పొరలు రాలి, పచ్చదనం మాసి, కణుపుల దగ్గర మచ్చలు పడతాయి. కొత్త బొంగులు పొద అంచున లేస్తాయి కాబట్టి ముదురు బొంగు కోసం పొద లోపలికి చేయి పెట్టాలి. మేదరి వాళ్లకు బుట్ట అల్లడానికి లేత బొంగు కావాలి. అదే పొదలో వింటికి కావలసింది మూడేళ్లు దాటిన ముదురు బొంగు. ఒకే పొద ముందు నిలబడి ఇద్దరూ వేర్వేరు బొంగులు కొడతారు.

నల్లమలలో వెదురు రెండు రకాలు. వాగుల వెంట, చెమ్మ నేలల్లో లావుగా, లోపల పెద్ద డొల్లతో పెరిగే ముళ్ల వెదురు ఒకటి. రాతి గుట్టల వాలు మీద సన్నగా పెరిగే గట్టి వెదురు రెండోది. ఈ రెండోది ఎండకు ఓర్చి పెరిగేకొద్దీ గోడ మందమై, ఒక్కోచోట లోపల డొల్ల అసలే ఉండదు. బ్రిటిష్ కాలంలో ఆశ్విక దళాల ఈటెలకు కర్ర ఈ జాతి నుంచే పోయేది. వింటికి కూడా ఇదే మేలు. నీటి పక్కన సుఖంగా పెరిగిన బొంగు కన్నా బండల మధ్య ఆకలితో పెరిగిన బొంగు ఎప్పుడూ గట్టిది. అమ్రాబాద్ గుట్టల పైభాగం అలాంటి నేల.

బద్ద చీల్చి అడ్డంగా కోసిన చోట చూడండి. తొక్క దగ్గర నల్లటి చుక్కలు దట్టంగా, లోపలికి పోయేకొద్దీ పలుచగా కనిపిస్తాయి. ఆ చుక్కలే పీచు కట్టలు. బలమంతా తొక్కను ఆనుకునే ఉంది. వింటి ఎదుటి ముఖం సాగుతుందని పైన చెప్పుకున్నాం. ఆ ముఖం మీద ఈ తొక్కను అలాగే ఉంచి, గీకుడంతా లోపలి వైపున మాత్రమే చేయడం వెదురు విల్లు చేసే నేటి పనివాళ్లు పాటించే పద్ధతి. తొక్క మీద కత్తి గాటు ఒక్కటి పడినా నారి లాగినప్పుడు చీలిక అక్కడే మొదలవుతుంది.

కణుపుల సంగతి వేరే చూడాలి. కణుపు దగ్గర పీచు నిటారుగా పోదు, మెలి తిరుగుతుంది. అందుకని కణుపుల మధ్య ఎడం ఎక్కువ ఉన్న బొంగు, కణుపులు పెద్దగా ఉబ్బని బొంగు ఏరుకోవాలి. పిడికి అటూ ఇటూ కణుపులు సమానంగా పడితే రెండు కొమ్ములూ ఒకే తీరుగా వంగుతాయి. ఒక కొమ్ములో రెండు కణుపులు, ఇంకో కొమ్ములో మూడు పడిన బద్దను సరిచేయడం చేయి తిరిగినవాడికీ కష్టమే.

ఎప్పుడు కొట్టాలి? అగ్నిపురాణం శరదృతువులో కొట్టిన వెదురును వింటికి అన్నిటికన్నా శ్రేష్ఠమంటుంది. ఇది ఉత్త నమ్మకం కాదు. మొలకలు లేవక ముందు, ఎండాకాలంలో బొంగు నిండా పిండి పదార్థం నిల్వ ఉంటుంది. పుచ్చు పురుగుకు అదే తిండి. వానాకాలంలో ఆ నిల్వంతా కొత్త మొలకలకు పోతుంది. వానలు వెనకబట్టాక కొట్టిన బొంగులో పురుగుకు దొరికేది తక్కువ. వేసవిలో కొట్టిన వెదురు తొందరగా పుచ్చుతుందని ఆధునిక పరిశోధకులూ తేల్చారు. అమావాస్య రోజుల్లో కొట్టాలి, వెన్నెల రోజుల్లో కొట్టకూడదు అన్న మాట కూడా మన పల్లెల్లో గట్టిగా ఉంది. ఆ మాట సంగతి ఎలా ఉన్నా, ఏ నెలలో కొట్టాలన్న దాంట్లో పెద్దల అనుభవం నిజమైందని మాత్రం ఒప్పుకుని తీరాలి.

కొట్టిన బద్దను ఎండలో పడేస్తే పగుళ్లిస్తుంది. నీడన ఆరాలి. పొయ్యి మీద, కప్పు కింద పొగ తగిలే చోట ఉంచితే ఇంకా మేలు. పొగ చెమ్మను నిదానంగా లాగేస్తుంది, పురుగును దూరంగా ఉంచుతుంది. పచ్చి బద్దతో తొందరపడి విల్లు చేస్తే మొదటి రోజే వంపు పట్టేస్తుంది.

గీకడం దగ్గర ఓపిక కావాలి. బద్ద వెడల్పు సగం తగ్గిస్తే బిగువు సగమే తగ్గుతుంది. మందం సగం తగ్గిస్తే మాత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పదో వంతు మందం గీకేసినా నాలుగో వంతుకు మించి బిగువు పోయినట్టే. అందుకే కాస్త గీకి, వంచి చూసి, మళ్లీ కాస్త గీకి, మళ్లీ వంచి చూస్తారు. పిడి దగ్గర మందంగా, కొప్పుల వైపు పోయేకొద్దీ సన్నంగా తీరుస్తారు. కొసలు బరువుగా ఉంటే లాగిన బలంలో కొంత ఆ కొసలను కదిలించడానికే పోతుంది, బాణానికి చేరదు. ఈ లెక్కలు నేటి పుస్తకాల్లో సూత్రాలుగా ఉన్నాయి. చెంచు పెద్దకు ఇది బొటనవేలి కింద తెలిసే సంగతి.

తడ, తాడి, పనికిరాని టేకు

వెదురు కాకుండా చెట్టు కర్ర కావాలంటే ఈ అడవిలో మొదట చెప్పుకోవలసింది తడ. చరచి అని కూడా అంటారు. ఆకురాల్చే అడవుల్లో, ఎండు గుట్టల మీద పెరిగే నడితరం చెట్టు. పుల్లటి చిన్న కాయలు కాస్తుంది. బెరడు నార తాళ్లకు పనికొస్తుంది. ఆయుర్వేద గ్రంథాలు ధన్వనమని చెప్పే చెట్టు ఇదే. పాత అటవీ శాఖ పుస్తకాలు దీని కర్రను మెచ్చుకున్నది ఒకే గుణానికి: ఎంత వంచినా తిరిగి నిటారుగా వస్తుంది. బండి నొగలకు, పనిముట్ల పిడులకు, తెడ్లకు, కావడి బద్దలకు వాడేవారని రాశారు.

కావడి బద్ద అన్న మాట దగ్గర ఆగాలి. రెండు కొసలా బరువు వేలాడుతుంటే, నడుమ భుజం మీద ఊగుతూ, అడుగడుగునా వంగి లేస్తూ రోజంతా పనిచేసే కర్ర అది. విరగకూడదు, వంగి ఉండిపోకూడదు, మోసేవాడికే బరువు కాకూడదు. వింటికి కావలసిన గుణాలు ఇవే. ఏ ఊళ్లోనైనా మంచి వింటి కర్ర ఏదని తెలుసుకోవాలంటే, కావడి బద్దకు ఏ కర్ర వాడేవారని అడిగితే చాలు. శాస్త్ర గ్రంథాలు అక్కర్లేదు.

తడలోనూ ఏ కొమ్మ పడితే ఆ కొమ్మ పనికిరాదు. మణికట్టు లావు, పక్క కొమ్మలు లేకుండా నిటారుగా లేచిన పడుచు చెట్టు కావాలి. బెరడు మీది గీతలు నిలువుగా పోతున్నాయా, మెలి తిరిగి పోతున్నాయా చూడాలి. బెరడు మెలి తిరిగితే లోపలి పోగూ మెలి తిరిగినట్టే, అది వంచినప్పుడు పక్కకు తిరిగిపోతుంది. ఎప్పుడూ గాలికి ఒక పక్కకు ఒరిగే చెట్టు కర్ర కూడా రెండు పక్కలా ఒకేలా ఉండదు. కొట్టాక కొసలకు పేడ పూసి నీడన పెట్టాలి. కొసల నుంచి తేమ ముందు పోతే పగులు లోపలి దాకా పాకుతుంది. బెరడు తీశాక బయటపడే మొదటి పొరను వింటి ఎదుటి ముఖంగా చెక్కుచెదరకుండా ఉంచాలి. వెదురు తొక్కకు చెప్పిన నియమమే ఇక్కడా.

ఇక కౌటిల్యుడు మొదట చెప్పిన తాడి. తాటి మాను వెదురులాగే లోపల మెత్తన, బయట గట్టి. నల్లటి ఈనెలన్నీ బయటి అంచున దట్టంగా ఉంటాయి. ఏళ్ల తరబడి ఇంటి కప్పు మోసిన తాటి వాసాలు నల్గొండ పల్లెల్లో ఇప్పటికీ ఉన్నాయి. ముదురు తాటి బయటి బద్ద వింటికి పనికొస్తుందని రెండు వేల ఏళ్ల కిందటే రాసిపెట్టారు. అడవి దూరమైన మైదానపు బంటుకు గట్టు మీది చెట్టే ఆయుధాగారమన్న మాట. అయితే అది వెదురు కన్నా బరువు. ఈనె లేస్తే చేతిలో దిగుతుంది కూడా. గౌడన్నలు బతుకుదెరువుగా ఎక్కే చెట్టును వింటి కోసం పడగొట్టాలన్న ఆలోచన నాకైతే సహించదు.

టేకు మంచి కర్రే, తలుపుకు. వానకూ ఎండకూ కదలకుండా ఉండడం దాని గొప్ప. వింటికి కావలసింది కదలడం. ఏపె కర్ర ఇనుమంత గట్టిది, ఇనుమంత బరువు కూడా. నల్లతుమ్మ నాగలికి, బండికి వరం. వేప దూలానికి సరే. మన రైతులు, వడ్రంగులు ప్రతి కర్రకూ ఒక పని పెట్టారు. వాటిని వింటికి ఎందుకు పెట్టలేదో ఒకసారి వంచి చూస్తే తెలిసిపోతుంది.

నారి గురించి కొద్దిగా చెప్పాలి. కౌటిల్యుడి జాబితాలో చాగ, జిల్లేడు, జనుము, వెదురు, నరం ఉన్నాయి. చాగ నార పొడవైనది, గట్టిది, తడికి తొందరగా చెడదు. మధ్య భారతంలో చాలామంది గిరిజనులు సన్నగా చీల్చిన వెదురు బద్దనే నారిగా కడతారు. వానలో నార నారి నాని సాగుతుంది, వెదురు నారి అంతగా సాగదు. విల్లూ నారీ రెండూ ఒకే పొదలోంచి రావడం ఎంత సులువో చూడండి.

అమ్రాబాద్ గుట్టల మీద

తుపాకి వచ్చాక విల్లు సైన్యాల నుంచి వెళ్లిపోయింది. అడవిలో మిగిలింది. 1940లో ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ అమ్రాబాద్ పీఠభూమికి వచ్చాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో శత్రుదేశపు పౌరుడిగా హైదరాబాద్ సంస్థానం దాటిపోకుండా కట్టడిలో ఉన్న మనిషి. ఆ కట్టడిని మన అదృష్టం అనుకోవాలి. చెంచుల పెంటల్లో ఉండి, వాళ్లతో నడిచి, 1943లో చెంచుల మీద పుస్తకం అచ్చు వేయించాడు. తర్వాత ఆదిలాబాద్ గోండుల కోసం ఆయనా ఆయన భార్య బెట్టీ చేసిన పని మార్లవాయి ఊరికి ఇప్పటికీ గుర్తు. ఆయన తీసిన ఫోటోలు లండన్‌లోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో భద్రంగా ఉన్నాయి.

ఆ పుస్తకం చదివితే ఒక భ్రమ వదులుతుంది. చెంచు అంటే వేటగాడని మనం అనుకుంటాం. నిజానికి వాళ్ల కడుపు నింపింది ఎక్కువగా గడ్డలు, దుంపలు, పండ్లు, తేనె. వేట అప్పుడప్పుడు కలిసొచ్చే అదృష్టం. విల్లు కన్నా గడ్డలు తవ్వే కర్రకే పని ఎక్కువ. అయినా మగవాడు పెంట దాటితే భుజాన విల్లు ఉండేది. అది వాడి మర్యాద. వేటకు వెళ్లేముందు గారెల మైసమ్మకు మొక్కేవారు. బాణపు ములుకులు కింది ఊళ్ల కమ్మరుల దగ్గర తెచ్చుకునేవారు. విల్లు మాత్రం ఎవరిది వారు చేసుకునేదే. ఏ పొదలో ఏ బొంగు ముదురుతోందో, వచ్చే శరత్తుకు ఏది పనికొస్తుందో నడుస్తూనే చూసిపెట్టుకునే చూపు అది.

ఆ పుస్తకం వచ్చిన 1943లోనే తెలుగులో ‘చెంచులక్ష్మి’ సినిమా వచ్చింది. 1958లో అదే పేరుతో ఇంకొకటి వచ్చి ఊరూరా ఆడింది. అహోబిలం నరసింహుడు చెంచుల అల్లుడు, శ్రీశైలం మల్లన్న చెంచు మల్లయ్య. మన కథల్లో చెంచు విల్లుకు అంత చోటు ఉంది. ఆ విల్లు ఏ కర్రదన్న ప్రశ్నకు మాత్రం ఏ కథా చోటివ్వలేదు.

వెదురు కూపులు కాంట్రాక్టర్లకు పోయిన కాలంలో బొంగులు లారీలకెక్కి కాగితం మిల్లులకు చేరాయి. 1972 వన్యప్రాణి చట్టం వేటను ఆపింది. 1983లో పులుల అభయారణ్యం వచ్చింది. తెలంగాణ వచ్చాక అమ్రాబాద్ వేరే టైగర్ రిజర్వ్ అయింది. వేట ఆగడం సరైనదే, నల్లమలకు పులి కావాలి. ఆ పులి అడుగులు గుర్తుపట్టే పనిలో అటవీ శాఖకు ఇవాళ చెంచులే సాయం. కాని వేటతో పాటు విల్లు చేసే పనీ ఆగింది. ఇప్పుడు విల్లు ఎక్కువగా కనిపించేది పండగల్లో, ఉత్సవాల్లో, ఫోటో కోసం నిలబెట్టినప్పుడు. అలాంటి వింటికి ఏ బొంగైనా సరిపోతుంది. మూడేళ్ల బొంగును పొద లోపల వెతికే అవసరం లేదు. అవసరం పోయిన తెలివి ఒక్క తరంలో పోతుంది.

విలువిద్య పోయిందని కాదు. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. ఆమె పట్టేది కాంపౌండ్ విల్లు. అల్యూమినియం పిడి, చక్రాలు, తీగలు ఉన్న యంత్రం లాంటిది, దానికి చెట్టుతో పనిలేదు. అయితే మన దేశంలో ఇండియన్ రౌండ్ అనే పోటీ కూడా ఉంది. అందులో పట్టేది వెదురు విల్లే, దూరం 50 మీటర్లు, 30 మీటర్లు. పల్లెల నుంచి, గిరిజన ఊళ్ల నుంచి వచ్చే పిల్లలు చాలామంది మొదట పట్టేది ఈ విల్లే. లక్షలు పోసి కాంపౌండ్ విల్లు కొనలేని ఇంటి పిల్లకు తలుపు తెరిచేది ఇదే. ఆ వెదురు విల్లు నల్లమల గట్టి వెదురుతో, అప్పాపూర్ లాంటి పెంటల్లో పెద్దవాళ్ల చేతి మీదుగా తయారై మన పిల్లల చేతికి ఎందుకు రాకూడదు?

చట్టం అడ్డు కాదు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఫలసాయంగా గుర్తించి, సేకరించుకునే హక్కు అడవి బిడ్డలకే ఇచ్చింది. అడవి బయట పొలాల్లో పెంచిన వెదురు 2017 సవరణతో చట్టం దృష్టిలో చెట్టే కాకుండా పోయింది, రైతు కొట్టి అమ్ముకోవచ్చు. లేనిదల్లా చేయించుకునేవాళ్లు.

ఈ వ్యాసం చదివే గురుకుల పాఠశాలల వ్యాయామ ఉపాధ్యాయులకు, గిరిజన సంక్షేమ అధికారులకు నా మనవి ఒకటే. ఈ శరత్తులో ఒక చెంచు పెద్దను పిలిపించండి, కూలి ఇచ్చి, గౌరవం ఇచ్చి, పది విల్లులు చేయించండి. బొంగు ఏరడం దగ్గర నుంచి నారి ఎక్కించడం దాకా వీడియో తీయించి, చెప్పిన ప్రతి మాటా ఆయన మాటల్లోనే రాయించండి. విల్లును అద్దాల పెట్టెలో పెట్టే మ్యూజియంల వాళ్లకు ఇంకొక మాట. చీటీ మీద ‘విల్లు, గిరిజనులది’ అని రాసి ఊరుకోకండి. ఏ చెట్టు, ఏ గుట్ట, ఏ నెలలో కొట్టింది, ఎవరు చేశారు అన్నవి కూడా రాయండి. చెప్పగలిగినవాళ్లు ఇంకా పెంటల్లో ఉన్నారు, ఈ ఏడే వెళ్లి అడగండి.